పిట్టలు వెంట రాని బోటు

నరసాపురంలో దిగేసరికి వాన పడుతోంది. యుద్ధం అప్పుడే మొదలైంది. నేవీ నుంచి రెండు గస్తీ బోట్లతో వచ్చాం. రేవు నుంచి సముద్రం దాకా వశిష్ఠ గోదావరిని కాయాలి. లోపలికొచ్చే ప్రతి బోటునూ ఆపి, ఎక్కి చూడాలి. నేను స్టీరింగ్ మీద. పుట్టింది ఆ ఒడ్డునే కాబట్టి నన్ను వేశారు.

మా లెఫ్టినెంట్‌ది పెద్దాపురం. కిరాణా వ్యాపారుల ఇంట పుట్టారు. ఎవరినీ నమ్మరు. బోట్లలో చేపల ఐసు పెట్టెలు అడుగుదాకా తవ్వించేవారు.

"మీ ఆఫీసరు గారికి మేం దొంగల్లా కనబడుతున్నామేంటి?" అని రేవులో చేపలమ్మే ఒకావిడ నన్ను నిలదీసింది.

కొన్నాళ్ళకి నాకూ ఆ జబ్బే పట్టుకుంది. తెలిసిన మొహాన్నయినా రెండోసారి చూసేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. రేవుకి దిగువన ఉన్నాం. సముద్రం పోటు మీద ఒక సోనా బోటు, వేటకెళ్ళే మర బోటు, వస్తోంది.

"మా వాళ్ళదే సార్. నడిపే సరంగు మా చిన్నాన్న."

లెఫ్టినెంట్ బైనాక్యులర్ దించలేదు. "చేపలతో వస్తుంటే వెనక పిట్టలేవి?"

నిజమే. ఒక్కటీ లేదు.

"నిన్ను చూశాడు కదా, చెయ్యి ఊపడేం? పక్కనున్నదెవరు?"

"తెలీదు సార్."

మైకులో ఆగమన్నాం. ఆగలేదు, వేగం పెంచింది. ఎగువన జనంతో, మోటారు సైకిళ్ళతో నిండిన పంటు సఖినేటిపల్లి వైపు దాటుతోంది.

లెఫ్టినెంట్ రేడియోలో సంగతి చెప్పారు. బేస్ గొంతు: "పంటు దాకా రానివ్వొద్దు. కాల్చండి. ఓవర్."

"బోటులో మన జాలర్లు బందీలుగా ఉన్నారు. ఓవర్."

"మీకెలా తెలుసు?"

"తెలీదు. అనుమానం." రేడియో పక్కన పెట్టేసి నాతో అన్నారు, "దాని పక్కకి పోనీ."

పోనిచ్చాను. బోట్లు రెండూ రాసుకున్నాయి. ఆయన అందులోకి దూకారు. "నీళ్ళల్లోకి దూకేయండి!" అని అరిచారు. జాలర్లు దూకేశారు. చిన్నాన్న పక్కనున్నవాడు తుపాకీ తీశాడు, వలల చాటునుంచి ఇంకో ఇద్దరు తుపాకులతో లేచారు. ఆయనకి పొట్టలో తగిలింది. అయినా ఒకణ్ణి పడగొట్టి, ఒంటి బరువంతా వేసి స్టీరింగ్ తిప్పేశారు. బోటు పంటుని తప్పించుకుని ఇసుక మేటెక్కింది. మిగతా ఇద్దర్నీ మా గన్నర్ కాల్చాడు. వలల కింద పేలుడు సామాను దొరికింది.

ఆయన్ని మా బోటులోకి తెచ్చుకున్నాం.

"నీళ్ళల్లో ఉన్నవాళ్ళంతా జాలర్లేనా?"

"అవును సార్."

"అయినా చేతులెత్తించు. చూసి ఎక్కించు."

స్టీరింగ్ వదిలి తుపాకీ తీశాను. రేవు చేరేలోపే పోయారు.

యుద్ధం ఆగింది. సర్వీసు అయ్యాక ఊరొచ్చేశాను. భీమవరంలో ఐసు ఫ్యాక్టరీలో పని. ఆయన గురించి ఎవరడిగినా చెబుతాను. ఆయన అనుమానమే పంటు మీది జనాన్నీ, మా జాలర్లనీ బతికించింది. చిన్నాన్న మాత్రం ఆ రోజు ఊసెత్తడు. ఇద్దరం వానల గురించీ రొయ్యల రేటు గురించీ మాట్లాడుకుంటాం.

కళ్ళు మూసుకుంటే నాకు కనబడేది లెఫ్టినెంట్ కాదు. మేట పక్కన నడుం లోతు నీళ్ళల్లో చిన్నాన్న. లుంగీ ఒంటికి అంటుకుపోయింది. చేతులు రెండూ పైకెత్తి ఉన్నాయి. నా తుపాకీ ఆయన గుండెకి గురిపెట్టి ఉంది. పుట్టినప్పట్నుంచీ నన్ను "ఒరేయ్" అని తప్ప పిలవని మనిషి.

"కాల్చకండి," అన్నాడు. "నేనేనండి."