మామ కట్టిన బాత్రూం, నేను చేసిన ఓపెనింగ్

మొన్న ఆదివారం శామీర్‌పేట దిక్కు ఒక ఫంక్షన్‌కు పోయి, ఉన్న ఇజ్జత్ అంత ఆడనే విడిచిపెట్టి వచ్చిన. నవ్వద్దు! ముందుగాలనే చెప్తున్న, నవ్వితే సగంల ఆపేస్త. మీరు చాయ్ తాగుకుంట ఇనుండ్రి. నాకు మాత్రం పొయ్యకుండ్రి. ఇంకో వారం దాంక నాకు చాయ్ వద్దు, నీళ్లు వద్దు, ఏం వద్దు.

నా సంగతి మీకు తెల్వంది కాదు. కండ్లకోయల మా కాలేజీ ఆఫీసుల ఒక్కసారి కుర్సీల కూసున్ననంటే పొద్దుమీకేదాంక లేవ. లేడీస్ బాత్రూమేమో అవతలి బ్లాకుల, పై అంతస్తుల ఉంటది. నేను పోయి వచ్చేసరికి సర్టిఫికెట్ల కోసం వచ్చిన పోరగాండ్ల లైను గేటు దాంక పోతది. అందుకే పొద్దున కాలేజీ బస్సు ఎక్కిన కాడికెళ్లి, మళ్ల ఇంటికొచ్చేదాంక ఒంటికి పోవుడన్న ముచ్చటనే లేదు. టేబుల్ మీద నీళ్ల బాటిల్ ఉంటది గని అది షోకే. పక్క సీటు మేడం నన్ను "వాటర్ ట్యాంకు" అంటది. అదేదో బిరుదు ఇచ్చినట్టు ఫీలైతుంటి. చూడుండ్రి నా తెలివి!

మా ఆయన నాకు ఉల్టా. అల్వాల్‌ల బండి స్టార్ట్ చేస్తే తుంకుంట రాకముందే ఒకసారి ఆపాలె. ఆయనకేంది, గోడ కనపడితే చాలు. ఫోన్ మాట్లాడుకుంటనే కానిచ్చుకొని వస్తడు. నేను బండి కాడ నిలబడి, మొఖం అటు తిప్పుకొని, ఈ మనిషెవరో నాకు తెల్వనట్టు ఉండాలె. ఆదివారం పొద్దున గూడ గదే తిట్టిన.

"నీకు లోపలున్నది బ్లాడరా, చాయ్ గ్లాసా?"

"నన్ను తిడితే తిట్టు గని, నువ్వు గూడ ఇంట్లనే ఒకసారి పోయిరా స్వరూపా. ఆడ ఎట్లుంటదో ఏమో" అన్నడు పాపం.

"నాకు అసుంటి అలవాట్లు లెవ్వు" అన్న. గంత బలుపు మాట ఎందుకన్ననో!

ఇగ ఫంక్షన్ ఏందంటే, మా మేనమామది. శామీర్‌పేట దాటి లోపలికి పోతే వాళ్ల ఊరు. ఒకప్పుడు వ్యవసాయం చేసేటోడు, ఇప్పుడు ప్లాట్లు చేసి అమ్ముతడు. ఈసారి సర్పంచ్‌కు నిలబడాల్నని మనసుల ఉన్నది. ఊరి బస్టాప్ కాడ అంగడి కూడుతది. కూరగాయలు, చేపలు అమ్మే ఆడోళ్లు పొద్దంత ఆడనే కూసుంటరు. ఒంటికి పోదామంటే జాగ లేదు. అందుకని మామ తన సొంత జాగల ఆడోళ్లకు బాత్రూంలు కట్టిచ్చిండు. మంచి పనే, కాదన. దాని ఓపెనింగ్‌కు పెద్ద లీడర్‌ను పిలిచిండు. పేరెందుకు గని, సారు అనుకుందాం. "సారు పదింటికి షార్ప్‌గ వస్తడు బిడ్డా, మీరు అంతకుముందే ఉండాలె" అని ఒకటే ఫోన్లు.

పోయినం. మామ ఇంట్ల కాలు పెట్టంగనే మా అత్తమ్మ పెద్ద స్టీల్ గ్లాసుల సల్ల తెచ్చి చేతుల పెట్టింది. "ఎండల వచ్చినవ్, తాగు బిడ్డా." తాగిన. ఎనకనే చాయ్. వద్దత్తమ్మా అంటే, "మా చాయ్ పట్నమోళ్లకు నచ్చదు తియ్" అని మూతి ముడిచింది. అది గూడ తాగిన. తర్వాత పుచ్చకాయ కోసింది. అండ్ల నీళ్లు దప్ప ఇంకేముంటది? తిన్న. గంతట్ల ఎవరో కొబ్బరిబోండం కొట్టుకొచ్చి ఇచ్చిండ్రు. వాటర్ ట్యాంకు గదా, నింపుతనే ఉన్నరు!

నిండింది.

బాత్రూం దిక్కు పోయి చూస్తే చుట్టాల లైను. సరే అని నిలబడ్డ. ఒక్కొక్కరు పోతున్నరు, వస్తున్నరు. నా ముంగట ఒక్క ముసలామెనే మిగిలింది. సరిగ్గ గప్పుడే మామ వాకిట్లకెళ్లి కేక పెట్టిండు: "సారు చెరువు కట్ట దాటిండంట! నడువుండ్రి, నడువుండ్రి, జల్దీ!"

ఒక్క నిమిషంల ఇల్లంత ఖాళీ. ముసలామెను గూడ ఎవరో చెయ్యి పట్టి గుంజుకపోయిండ్రు. అత్తమ్మ తాళం వేసి, తాళంచెవి బొడ్లె దోపుకుంది.

"అత్తమ్మా, ఒక్క నిమిషం తాళం తీస్తవా..."

"ఏంది బిడ్డా, ఆడ మంగళారతి నేనే పట్టాలె! అయినా మనం పోయేదే బాత్రూంల కాడికి గదా!"

అవును గదా అనిపించింది. కొత్త బాత్రూంలు, మన మామ కట్టిచ్చినయే. ఇంక పరేషాన్ ఎందుకు? సంబురంగ నడిచిన.

పోయి చూస్తే సారూ లేడు, సారు కారూ లేదు. చెరువు కట్ట దాటింది వేరెవరి కారో అంట. "ఐదు నిమిషాల్ల వస్తడు" అన్నడు మామ. ఆ ఐదు నిమిషాలు ఎంతకూ ఒడుస్తలేవు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. టెంటు కింద ముందు లైన్ల నన్ను కూసోబెట్టిండ్రు, మేనకోడలిని గదా! ఎదురుంగ గులాబి రంగు ఏసిన బాత్రూం. తలుపు మీద కొప్పు పెట్టుకున్న ఆడామె బొమ్మ, పైన "మహిళలకు మాత్రమే" అని పెద్ద పెద్ద అక్షరాలు. ముంగట ఆ మూలకెళ్లి ఈ మూలకు ఎర్ర రిబ్బన్. డప్పులోళ్లు కొట్టే ఒక్కొక్క దెబ్బ సక్కగ నా పొత్తికడుపు మీద పడుతున్నది.

లేచి మామ చెవుల మెల్లగ అడిగిన. "మామా, నేను ఒక్కసారి లోపలికి పోయొస్త."

మామ నన్ను చూసిన చూపు! "ఏం మాట్లాడుతున్నవ్ బిడ్డా? సారు రిబ్బన్ కట్ చేయకముందు ఎట్ల పోతవ్? గృహప్రవేశం కాకముందే కొత్తింట్ల పండుకుంటమా?"

ఇగ నేను ఆగమాగం తిరుగుడు మొదలుపెట్టిన. చాయ్ హోటలాయనను అడిగితే, "మేం గా గోడ ఎనకకు పోతం మేడం" అన్నడు. పెట్రోల్ బంకుల బాత్రూం ఉన్నది, తాళం గూడ ఉన్నది. చెవి మేనేజర్ తాన, మేనేజర్ ఇంటి తాన. పోనీ చెట్లెనకకు పోదామంటే చెట్లేవి? కనుచూపు మేర తెల్ల సున్నం ఏసిన ప్లాట్ల రాళ్లు. ఒక కోడి గూడ దాసుకునేటంత పొద లేదు. ఉన్నయన్ని కొట్టేపిచ్చిందెవరు? నా సొంత మేనమామ!

గంతట్ల మా ఆయన గోడ ఎనకకెళ్లి చేతులు దులుపుకుంట, హాయిగ నడుచుకుంట వచ్చిండు. "ఇంక రాలేదా సారు?" అన్నడు. నాలుగు మాటలు అందామనుకున్న. అనాల్నంటే నోరు తెరవాలె. నోరు తెరిస్తే ఏమైతదో అని భయం.

మళ్లొచ్చి నా కుర్సీల కూలబడ్డ. రిబ్బన్ పక్కనే ఒక అవ్వ చేపల గంప పెట్టుకొని కూసున్నది. మామ మనుషులు జరగమన్నా జరగలేదంట, అది ఆమె జాగ అంట. ఊకె మగ్గుతోని నీళ్లు తీసి చేపల మీద సల్లుతున్నది. సలుప్... సలుప్... ఆ సప్పుడు ఇని నేను కుర్సీ చెయ్యి గట్టిగ పట్టుకున్న. అవ్వ నా దిక్కు చూసింది.

"ఏంది బిడ్డా, గట్ల మెలికలు తిరుగుతున్నవ్? ఒంటికా?"

"ఊ."

"పో మరి. గదే గదా ఉన్నది ముంగట."

"రిబ్బన్ ఉన్నది గదవ్వా..."

"గా రిబ్బన్ ఏమన్న కరెంటు తీగనా? కిందికెళ్లి దూరు. నేను తలుపు కాడ నిలబడ్త."

చూసిన. డప్పులోళ్లు చాయ్‌కు పోయిండ్రు. మామ ఫోన్ పట్టుకొని రోడ్డు మీద అటు దిక్కు తిరిగి ఒర్రుతున్నడు. జనం మొత్తం ఫోన్లల్ల ఉన్నరు. ఇంక నాకు మర్యాద, శకునం ఏం కనపడలే. వంగి దూరిన. రిబ్బన్ నా జడ క్లిప్పుకు చిక్కుకుంది. అవ్వనే మెల్లగ తప్పిచ్చింది.

లోపల టైల్స్ మెరుస్తున్నయ్, పెయింట్ వాసన. తలుపేసి చూస్తే లోపలి దిక్కు గడియ లేదు! గడియకు పెట్టిన బొక్కలు మాత్రం ఉన్నయ్.

"అవ్వా, గడియ లేదు!"

"బయటకెళ్లి నేను పెడ్త తియ్. నువ్ కానియ్."

టక్.

తర్వాత సుఖం గురించి నేను చెప్ప. ఆపుకున్నోళ్లకు ఎరుక. ఆ నిమిషం మామ మీద గూడ ప్రేమ పుట్టింది. ఎంత మంచి పని చేసినవ్ మామా, సర్పంచ్ కాదు, ఇంక పెద్దోనివి కావాలె అనుకున్న.

నల్లా తిప్పిన. ఫుస్ అని గాలి వచ్చింది. ఇంకో నల్లా. దాంట్ల గాలి గూడ రాలే. పైన ట్యాంకు పెట్టిండ్రు గని నీళ్లు ఎక్కియ్యలే! ప్రేమ అక్కడికే ఒడిసింది. సరే, ముందు బయటపడాలె అని తలుపు నూకిన. రాలే.

"అవ్వా! ఓ అవ్వా! తలుపు తియ్యి!"

పైన కిటికీ సందులకెళ్లి అవ్వ గొంతు ఇనపడుతున్నది, దూరంకెళ్లి. "బొచ్చె చేప మంచిగున్నది, ముట్టి చూడు. తలకాయ గూడ కొట్టియ్యాల్నా?" గిరాకి వచ్చింది! నన్ను లోపలేసి, చేపలు కోసుకుంట కూసున్నది!

సరిగ్గ గప్పుడే డప్పులు దబదబ మొదలైనయ్. పటాకులు పేలినయ్. సారు వచ్చిండు.

నేను తలుపు మీద రెండు చేతులతోని కొడుతున్న. ఎవరికినపడ్తది? డప్పుల సప్పుడుల నాదొక డప్పు! మా ఆయనకు ఫోన్ చేద్దామంటే ఫోన్ బ్యాగుల, బ్యాగు కుర్సీల. ఇగ డప్పులు ఆగుతయ్, గప్పుడు ఒర్రుదామని చూస్తే, డప్పులు ఆగంగనే మైకుల సారు గొంతు. ముందుగాల స్పీచ్ అంట. ఎందుకో తెలుసా? కత్తెర ఇంట్లనే మర్చిపోయిండ్రంట! అత్తమ్మ తాళంచెవి ఇస్తే ఎవరో ఉరికిండ్రంట. తాళం ఇప్పుడు తీసిండ్రు ఇంటికి! కత్తెర కోసం!

సారు స్పీచ్ మస్తుగ ఇస్తున్నడు. "మన అక్కచెల్లెండ్లు ఎంత బాధ పడుతున్నరో నేను నా కండ్లార చూసిన! వాళ్ల బాధ నాకు తెలుసు!"

"సారూ, ఒక చెల్లె నీ ఎనక తలుపు అవతలనే ఉన్నది, జెర మళ్లి చూడు" అని నాలో నేనే అనుకున్న. ఒర్రాల్నంటే ఇప్పుడు సిగ్గు. స్పీచ్ నడుమ బాత్రూంలకెళ్లి ఆడమనిషి ఒర్రితే ఎట్లుంటది?

గంతట్ల కత్తెర వచ్చింది. చప్పట్లు. గొళ్లెం మీద చెయ్యి పడ్డ సప్పుడు. ఏం చేయాలె నేను? దాసుకుందామంటే మూల లేదు. ఎగిరి దుంకుదామంటే కిటికీ పట్టదు. కొంగు సర్దుకున్న, చెమట తుడుసుకున్న, రెండు చేతులు జోడించి నిలబడ్డ.

తలుపు తెరుచుకుంది.

ముంగట దండ ఏసుకున్న సారు. పక్కన మంగళారతి పళ్లెంతోని అత్తమ్మ. ఇరవై ఫోన్లు లేచి ఉన్నయ్. అందరి ఎనక మా ఆయన, నోరు తెరుసుకొని.

"నమస్తే సార్" అన్న.

సారు ఒక అడుగు ఎనకకేసిండు. "ఎవరమ్మా నువ్వు?"

మామ మొఖంల నెత్తుర్లేదు. "మా... మా మేనకోడలు సార్. లోపలంత మంచిగుందా లేదా అని... చెకింగ్..."

సారు తెలివైనోడు. జెర్రంత సేపట్ల సర్దుకున్నడు. "శభాష్! మొట్టమొదటగ వాడుకున్న చెల్లె ఈమెనే! చెప్పు తల్లీ, ఎట్లున్నది?" అని మైకు నా మూతి కాడ పెట్టిండు.

బాగుంది సార్ అంటే ఒడుస్తుండె. గంతే. కానీ అంత సేపు ఎండల, తర్వాత లోపల, నా పాణం ఎంత ఇసిగిపోయి ఉన్నదో మీకు తెల్వదు. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"నీళ్లు వస్తలేవు సార్! లోపటికెళ్లి గడియ గూడ లేదు!"

రెండు పెద్ద స్పీకర్లు. అంగడి మొత్తం ఇన్నది. కూరగాయలమ్మే ఆడోళ్లు ఒక్కసారే అందుకున్నరు. "గడియ లేకుంట ఎట్ల పోతం సారూ? నీళ్లు లేకుంట ఎట్ల?" గా లొల్లిల మా అవ్వ గంప కాడికెళ్లి లేచింది: "అయ్యో, నేనే బయటకెళ్లి పెట్టిన! యాదే మర్సిన బిడ్డా!"

మామ నా దిక్కు చూసిండు. ఆయన సర్పంచ్ కుర్సీ నేనే పట్టుకొని ఇరగ్గొట్టినట్టు చూసిండు.

సారు మైకుల గట్టిగ చెప్పిండు, రేపు పొద్దుగాల కల్లా నీళ్లు, గడియలు రావాల్నని. చప్పట్లు కొట్టిండ్రు. తర్వాత మైకు బంద్ చేసి మామ దిక్కు వంగి మెల్లగ అడిగిండు. పక్కనే ఉన్న గదా, నాకినపడ్డది.

"మగోళ్లకు ఎటు దిక్కున్నది? పొద్దుగాల్నుంచి కారులనే ఉన్న."

"అది... సెకండ్ ఫేజ్‌ల సార్" అన్నడు మామ.

సారు మొఖం చూసిన. ఆ మొఖం నాకు బాగ ఎరుక. పెదవులు బిగబట్టుడు, ఒక కాలు మీదికెళ్లి ఇంకో కాలు మీదికి మారుడు. పాపమనిపించింది. గప్పుడు మా ఆయన జనంలకెళ్లి ముందుకొచ్చి, చాన గౌరవంగ, "రాండ్రి సార్, నేను చూపిస్త" అన్నడు. ఇద్దరు గోడ దిక్కు నడిచిండ్రు. ఎనక గన్‌మన్. ఆ మనిషి అంత ధీమాగ నడిచింది నేను మా పెండ్లిల గూడ చూడలే.

తెల్లారి నీళ్లు వచ్చినయ్. గడియలు గూడ పెట్టిండ్రు, లోపటికెళ్లే. అత్తమ్మ ఫోన్ చేసి చెప్పింది. అంగడి ఆడోళ్లు మంచిగ వాడుకుంటున్నరంట, మామకు దండాలు పెడుతున్నరంట. "మీ మామ కోపం ఇంక తగ్గలే గని, నువ్వు మళ్లొచ్చినప్పుడు సల్ల పోస్త తియ్" అన్నది.

నాకేమో డిగ్రీ వచ్చినప్పుడు మా చుట్టాలల్ల ఒక్కరు పట్టించుకోలే. ఉద్యోగం వచ్చిన్నాడు ఒక్కరు ఫోన్ చేయలే. ఇప్పుడు అందరి వాట్సాప్ స్టేటస్‌ల నేనే ఉన్న, బాత్రూం వాకిట్ల నమస్తే పెట్టుకుంట. కింద "కంగ్రాట్స్ అక్కా" అని పెడుతున్నరు.

నేను గూడ ఒక్కొక్కరికి "థాంక్యూ" అని రిప్లై ఇస్తున్న. మరేం చేయమంటరు?