పసుపు పూసిన ఒప్పుకోలు ఉత్తరం

నిన్న ఓ శుభలేఖ మూలన పసుపు చూడగానే పాత భయం లేచింది. మన క్వార్టర్ల వాళ్లకు గుర్తుందా, నాటకాల పోటీకి పక్కనున్న ఇందా పేట బెంగాలీ జట్టు మన తెలుగు జట్టుని తమతో కలవమని పిలిచిన సంగతి? "మీ పిలుపు మాకు గౌరవం, తప్పక కలుస్తాం" అని మన జట్టు తరఫున నాన్న చెబుతుంటే బెంగాలీలో జవాబు రాసింది నేనే. ఒక్క మాట తేడా వచ్చినా పొత్తు చెడుతుందని మూడుసార్లు తిరగరాశాను. మంచి కబురని అమ్మ కవరుకి నాలుగు మూలలా పసుపు పూసింది.

ఆ జట్టు పెద్ద, మేం అన్నా అన్నట్టు దాదా అనేవాళ్లం, నేను పట్టుకెళ్లి ఇచ్చిన కవరు విప్పకుండానే "కార్ బియే?" అన్నాడు, ఎవరి పెళ్లని. పెళ్లి కబురే అనుకుని లోపల ఆడవాళ్లు శుభానికని శంఖం ఊదేశారు.  కవరు ఆయన చేతిలోనే వదిలేసి ఇంటికి పారిపోయి వచ్చాను.

"ఏటన్నారమ్మా?" అన్నాడు నాన్న.

"సంకం ఊదినారు నాన్నా."

"సూసినావా, మనవంటే ఎంత మర్యాదో."

నాటకం అయ్యేదాకా, దాదా నాన్న దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆ పెళ్లి మాట ఎత్తుతాడేమోనని నేను తలుపు వెనకే ఉన్నాను.