చూరు కింద వదిలిన సందు

హాయిక్ ఊళ్లో స్వెటర్ల మిల్లు ఉన్నన్నాళ్లూ ఇస్బెల్ టర్న్‌బుల్ ఉద్యోగం తప్పులు పట్టడం. ప్రతి స్వెటరునూ వెలుతురుకు ఎత్తి, జారిన కుట్టు ఎక్కడుందో వెతికేది. మిల్లు మూతపడినా ఆ చూపు పోలేదు. రొట్టెల కొట్లో ఇచ్చిన బన్నును కూడా తిరగేసి చూశాకే సంచిలో వేసుకునేది. ఆమె పక్కింట్లో నేను పద్దెనిమిదేళ్లుగా ఉంటున్నాను. నన్ను కూడా అలాగే చూసేది.

ఆమెది తాతల నాటి రాతి ఇల్లు. నవంబరు వచ్చిందంటే తలుపు కింద నుంచి, నేల చెక్కల సందుల్లోంచి గాలి కోసేది. ఆమె ఇంట్లో కోటు విప్పగా నేనెప్పుడూ చూడలేదు. పాత ఇళ్లను వెచ్చగా మార్చే ప్రభుత్వ పథకం వచ్చినా రెండేళ్లు దరఖాస్తు పెట్టలేదు.

"ఊరికే చేస్తామంటున్నారంటే ఎక్కడో ఏదో మెలిక ఉండే ఉంటుంది" అనేది.

దగ్గు ముదిరి డాక్టరు గట్టిగా చెప్పాక ఒప్పుకుంది.

పనికి వచ్చినవాడు కీత్ లేడ్లా. నలభై దాటిన మనిషి, అడిగినదానికి తప్ప నోరు విప్పడు. ఆమె మాత్రం అతని వెనకే తిరిగింది.

"ఆ వాడని పొగగొట్టంలో ఏం కుక్కుతున్నావు నాయనా?"

"గొర్రె ఉన్ని అండీ."

"ఏ గొర్రెది?"

"నేనడగలేదండీ."

ఆమె ఒక పీచు లాగి వాసన చూసి, ఉన్నేనని తేల్చుకుంది. అతను నాలుగు రోజుల్లో నేల సందులు మూశాడు, ఇల్లు వేడిచేసే కొత్త బాయిలరు బిగించాడు, అటక నిండా ఉన్నిపట్టలు పరిచాడు. ఒక కాగితాల కట్ట చేతికిచ్చి వెళ్లిపోయాడు.

అతని వ్యాను మలుపు తిరగగానే డెబ్బై ఒక్కేళ్ల ఇస్బెల్ టార్చి పట్టుకుని నిచ్చెన ఎక్కింది. కాసేపటికి నన్ను పిలిచింది.

"చూడు. చూరు పొడుగునా బెత్తెడు సందు వదిలేశాడు. సరుకు మిగుల్చుకుని వేరే ఇంటికి వాడుకుంటాడు."

"పోనీ, అతన్నే అడగరాదూ?"

"అడిగితే నిజం చెప్పేవాడు సందెందుకు వదుల్తాడు?"

ఈ మాట రొట్టెల కొట్లోనూ, చర్చిలోనూ చెప్పింది. మిల్లు రోజుల నుంచి దాచిన లోపాల స్వెటర్లు తీసి, రెండు మధ్యాహ్నాలు కూర్చుని ఆ సందు పొడుగునా తనే కుక్కింది. ఇల్లు వెచ్చబడింది. కోటు విప్పి, "ఇదంతా నా స్వెటర్ల మహిమ" అంది.

జనవరిలో పడకగది పైకప్పు మూల చిన్న మరక కనిపించింది. వారం తిరిగేసరికి అది నల్లటి బూజుగా పాకింది. కప్పు పగలగొట్టి పోయాడని కీత్‌కు కబురు పెట్టి, సాక్షిగా నన్ను కూర్చోబెట్టింది.

అతను అటక ఎక్కి, నీళ్లోడుతున్న స్వెటరుతో దిగాడు. దాన్ని బకెట్లో పిండాడు.

"ఇది నేను పెట్టింది కాదండీ."

"నేను పెట్టాను. నువ్వు వదిలేశావు గనక."

"వదలాలండీ. వెచ్చని ఇంట్లోంచి ఆవిరి పైకి పోతుంది. ఆ సందులో గాలి ఆడితేనే ఆరుతుంది. మూస్తే దూలాలు కుళ్లిపోతాయి."

"మరి ఆ రోజే చెప్పొద్దా?"

"కాగితంలో రాసుందండీ."

"వచ్చినవాళ్లు ఇచ్చే కాగితాలు నేను చదవను."

కీత్ బకెట్టు పక్కకు జరిపాడు. "నోటితో చెప్పాల్సింది. అది నా తప్పే."

ఇస్బెల్ కుర్చీలో కూర్చుంది. "ఊళ్లో నిన్ను దొంగన్నాను."

"తెలుసండీ. రెండిళ్లవాళ్లు పని వద్దన్నారు."

అతను ఆ సాయంత్రానికల్లా తడి స్వెటర్లన్నీ లాగేశాడు. మర్నాడు ఇస్బెల్ ఆ రెండిళ్లకూ వెళ్లింది. నేనూ తోడు వెళ్లాను. గడప దగ్గరే నిలబడి, "లేడ్లా పని సరిగ్గానే చేశాడు. చెడగొట్టింది నేను" అంది. ఒకరు అతన్ని మళ్లీ పిలిచారు. రెండోవాళ్లు అప్పటికే వేరేవాళ్లకు పని ఇచ్చేశారు. ఆ సంగతి ఆమెను చాలా రోజులు బాధపెట్టింది.

ఏప్రిల్లో కీత్ వచ్చి చూసి, దూలాలు పూర్తిగా ఆరిపోయాయన్నాడు. ఇస్బెల్ తల ఊపింది. అయినా టార్చి అందుకుని, ఒక్కో దూలాన్ని చేత్తో తడిమి చూడ్డానికి తనే ఎక్కింది. అతను ఏమీ అనుకోలేదు. ఆమె దిగేదాకా నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు.