కిరాయిదార్ల తొలి గోల్

"ఫ్రెండ్లీ మ్యాచ్" అన్న మాట కనిపెట్టిన మహానుభావుడికి పక్కవీధిలో ఇంకో టీం ఉండి ఉండదు. ఉంటే ఆ మాట నోటికి వచ్చేది కాదు. మా రాయదుర్గంలో ఆదివారం పొద్దున రెండు టీంలు ఫుట్‌బాల్ ఆడేవి. ఒకటి ఊరివాళ్ళది, అంటే ఈ అద్దాల మేడలు లేవకముందు నుంచీ ఇక్కడున్నవాళ్ళది. రెండోది మాది, వాళ్ళ ఇళ్ళలో అద్దెకుంటూ ఆ మేడల్లో ఉద్యోగాలు చేసేవాళ్ళది. మేం పెట్టుకున్న ఇంగ్లీషు పేరు మాకే గుర్తుండేది కాదు. అందరూ కిరాయిదార్ల టీం అనేవారు, మేమూ అదే అనేవాళ్ళం.

వాళ్ళ గోల్‌కీపర్ మా ఇంటి ఓనరు. కింద వాళ్ళు, పైన మేము. నాకంటే పదేళ్ళు పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ణి. నాలుగేళ్ళలో మేం వాళ్ళ మీద ఒక్కసారీ గెలవలేదు. ఆయన్ని దాటించి మాలో ఎవరూ ఒక్క గోలూ వేయలేదు. సోమవారం లాప్‌టాప్ బ్యాగుతో మెట్లు దిగేసరికి, నీళ్ళ మోటారు దగ్గర నాకోసమే కాచుకున్నట్టు నిలబడి ఉండేవాడు.

"ఏంది తమ్మీ, కాళ్ళు నొస్తున్నయా? నిన్న ఉత్తగనే గంత ఉరికినవ్!"

నవ్వేవాణ్ణి. ఆఫీసు చేరేదాకా లోపల కుతకుత ఉడికిపోయేవాణ్ణి. మీటింగులో బల్ల కింద కాలు ఆగేది కాదు. వాళ్ళావిడ పంపిన సర్వపిండి తింటూ కూడా, ఈ మనిషిని ఎలా ఓడించాలా అనే ఆలోచించేవాణ్ణి. దీన్ని స్నేహమంటే నేనొప్పుకోను. పగ అన్నా ఒప్పుకోను, మా పాపకు జ్వరం ముదిరిన రోజు అడక్కుండానే దవాఖానకు బండి తీసినవాడు ఆయనే.

మా ఆటకు రిఫరీ లేడు. ఒక కట్టుబాటు ఉండేది: తప్పు చేసినవాడే చెయ్యెత్తాలి. బంతి చేతికి తగిలినా, ఎదుటివాడి కాలు తన్నినా, ఎవడికి తెలుసో వాడే ఎత్తాలి. ఎత్తితే ఆట ఆగుతుంది, ఎత్తకపోతే గోల్ గోలే. ఊరివాళ్ళలో కొందరికి ఇది నచ్చలేదు. "ఇయ్యాల ఉండి రేపు పోయేటోళ్ళను ఏం నమ్ముతం?" అన్నారట. ఉండనీయండని పట్టుబట్టింది మా ఓనరే.

ఆ ఆదివారం ఆట ముగిసే వేళకు రెండు టీంలకూ గోల్ లేదు. కార్నర్ నుంచి బంతి వచ్చింది. ఎగిరాను, తలకు అందలేదు. మోచేతి కింద తగిలి లోపలికి పోయింది. ఆయన నాకు మూరెడు దూరంలో ఉన్నాడు. నా చేతినే చూస్తున్నాడు. చెయ్యెత్తడానికి రెండు క్షణాలు చాలు, ఆ రెండు క్షణాలూ నాకు దొరికాయి. ఎత్తలేదు. మావాళ్ళు వచ్చి మీద పడ్డారు. సిగ్గులేకుండా అందరికంటే గట్టిగా అరిచింది నేనే.

సోమవారం ఆయన ఎగతాళి చేయలేదు. "ఆఫీసుకా?" అని మాత్రం అడిగాడు. మంగళవారమూ అంతే. నాలుగేళ్ళు నన్ను కాల్చుకుతిన్న ఎగతాళి కోసం చెవి కోసుకున్నాను. ఆఫీసులో పంపిన మెయిలే మళ్ళీ పంపాను. ఇంట్లో గది ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూనే ఉన్నాను.

"కాస్త కూర్చోండి బాబూ, మిమ్మల్ని చూస్తే నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అంది మా ఆవిడ. సంగతి చెప్పాను. "కిందికెళ్ళి చెప్పేసి రండి. ఆయనేమన్నా కొరుకుతారా?"

కొరికితే బాగుండుననిపించింది.

శనివారం సాయంత్రం దిగాను. ఆయన మెట్టు మీద కూర్చుని కీపర్ గ్లవ్స్ ఉతుకుతున్నాడు.

"అన్నా, మొన్నటి గోల్... నా చేతికి తగిలిందండీ."

"ఎరుకే. నేను చూసిన."

"మరి అప్పుడే ఎందుకు అనలేదండీ?"

"నువ్వే ఎత్తుతవని చూసిన. ఇంకోడైతే గప్పుడే లొల్లి చేసేటోణ్ణి."

చెంపదెబ్బ ఇంతకంటే నయం. "రేపు ఆటకు ముందు అందరికీ చెప్పేస్తానండీ. ఆ గోల్ తీసేయమంటాను," అన్నాను. ఆ మాట అనేసరికి ప్రాణం తేలికపడింది. వారంలో మొదటిసారి నా కాళ్ళు ఒక్కచోట నిలిచాయి.

ఆయన గ్లవ్స్ పిండి పక్కన పెట్టాడు.

"మ్యాచ్ అయినంక మావోళ్ళు నన్ను అడిగిండ్రు, చేతికి తగిలిందా అని. లే, తగల్లే అన్న. తగిలిందంటే ఇగ నిన్ను ఆడనియ్యరు, మీ టీంనే రానియ్యరు. మా అమ్మ మీద ఒట్టేసిన. ఇప్పుడు నువ్వు చెయ్యెత్తితే అబద్ధం నాదయితది తమ్మీ. ఊకో."

మర్నాడు ఆటకు ముందు రెండు టీంలూ ఎప్పటిలాగే చేతులు కలిపాయి. ఊరివాళ్ళలో ఒకడు నా భుజం తట్టి, మొన్నటి గోల్ మస్తు కొట్టినవన్నా అన్నాడు. ఆయన పక్కనే నిలబడి వింటున్నాడు.

"థాంక్సండీ," అన్నాను.