గానుగ పొయ్యి పక్కన విప్పిన గొట్టం

ఒకామె చదువు నా వల్ల పాడైంది. ఆ సంగతి ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మోస్తున్నాను అని రాయగానే నా మీద నాకే ఒళ్లు మండుతోంది. మోసిందెవరు? నేనా? ఉద్యోగం చేశాను, ప్రమోషన్లు తీసుకున్నాను, వేళకి తిన్నాను, పడుకున్నాను. మోసింది ఆమె. నేను దాచానంతే. అందుకని మధ్యలో అయ్యో పాపం అనకండి. చివరిదాకా వినండి, చాలు.

నాది చోడవరం. తాతగారి కాలం నుంచీ మా ఇంట్లో అందరివీ సర్కారు ఉద్యోగాలే. పేరు రాయను. ధైర్యం లేకే రాయను, వేరే కారణం వెతకొద్దు. ఆమెని రత్నం అంటాను. అది అసలు పేరు కాదు. బుచ్చయ్యపేట దగ్గర పల్లె వాళ్లది, చెరకు రైతులు. వైజాగ్‌లో ఒకే సారు దగ్గర ఇద్దరం రీసెర్చికి చేరాం. హాస్టల్లో ఒకటే గది. నేను టౌను పిల్లని, ఇంగ్లీషు గడగడా మాట్లాడేదాన్ని. రత్నానికి సారు గదిలోకి వెళ్లాలంటేనే చెమటలు పట్టేవి. పనిలో మాత్రం నాకంటే ఆమే నయం. అది సారుకీ తెలుసు, నాకూ తెలుసు.

మా పని చెప్తాను. ఎక్కడో సముద్రం అవతల అగ్నిపర్వతం పేలితే, దాని బూడిద గాలికి కొట్టుకొచ్చి ఇక్కడి మడుగుల్లో కూడా పడుతుంది. దాని మీద ఒండ్రు పేరుకుంటూ పోతుంది. ఆ అడుగు మట్టిలోకి పొడవాటి ప్లాస్టిక్ గొట్టం దింపి పైకి లాగితే, పొరలు చెదరకుండా మట్టి వస్తుంది. అందులో బూడిద పొర దొరికితే, దానికి పైనా కిందా చిక్కుకున్న ఆకు ముక్కలకీ బొగ్గు నలుసులకీ వయసు కట్టించి, ఆ కొండ ఎప్పుడు పేలిందో చెప్పొచ్చు. ఆ బూడిద మైక్రోస్కోపు కింద పగిలిన గాజు పెంకుల్లా కనిపిస్తుంది. ఆ పెంకులు ఏరి లెక్కపెట్టడం రత్నం పని. గొట్టాలు తీయించి తేవడం నా పని.

చీడికాడ వైపు కొండల కింద ఒక పాత మడుగు ఉంది. మా ప్రాంతమే కదా అని సారు నన్ను ముందు పెట్టి అక్కడికి తీసుకెళ్లారు. రత్నం లేబ్‌లోనే ఉండిపోయింది. చెరకు నరికే కాలం. పొద్దు వాలే వేళకి గొట్టం బయటికొచ్చింది. సారు కారెక్కుతూ, "లేబ్‌కి వచ్చేదాకా విప్పొద్దు" అన్నారు. ఒక్కటే మాట. గొట్టం పట్టుకెళ్లే జీపు మర్నాడు తెల్లారుజామున వస్తుంది. ఈలోపు ఎక్కడ పెట్టడం? పక్కనే మా మేనమామ గానుగ ఉంది. ఆ పాకలో పెట్టించాను.

నేను ఆగలేకపోయాను. సారు కంటే ముందు, రత్నం కంటే ముందు నేను చూడాలి. అంతే, ఇంకే కారణమూ లేదు. ఆ పాకలోనే ఒక రంపపు బ్లేడు తీసుకుని గొట్టాన్ని నిలువునా కోశాను, తీగతో మట్టిని రెండు చెక్కలుగా విడదీశాను. ఉంది. అడుగున బొటనవేలి మందాన, లేత బూడిద రంగులో. ఒక్కదాన్నే పిచ్చిదానిలా గెంతులేశాను. అవతల పెనంలో బెల్లం ఉడుకుతోంది, పొయ్యిలోకి చెరకు పిప్పి తోస్తున్నారు. గాలి ఇటు తిరిగింది. పిప్పి బూడిద, నల్లటి నుసి, తడి మట్టి మీద వాలిపోయింది. అప్పుడు ఏం చేయాలి? పొర వెంబడి అడ్డంగా పైపైన గీకి పారేయాలి. మొదటి సంవత్సరం పిల్లలకి కూడా తెలుసు. నేనేం చేశాను? కంగారులో తడి గుడ్డ తీసుకుని పై నుంచి కిందకి తుడిచాను. నల్లగా చారలు పడ్డాయి. మళ్లీ తుడిచాను. కంటికి శుభ్రంగా కనపడేదాకా తుడిచాను, అంటే ఆ బూడిదని మట్టిలోకి శుభ్రంగా పూశాను. తర్వాత రెండు చెక్కలూ కలిపి ప్లాస్టరు చుట్టేశాను. మర్నాడు లేబ్‌లో, పొద్దున్నే వచ్చి ఇక్కడే విప్పానని చెప్పాను. ఎవరూ అడ్డు ప్రశ్న వేయలేదు. చోడవరం ఉద్యోగస్తుల అమ్మాయి మాట ఎవరు కాదంటారు?

రత్నం ఆ మట్టితో నెలల తరబడి కుస్తీ పట్టింది. పెంకులు పొరలోనే ఉండాలి కదా, పైనా కిందా కూడా ఏవో కనిపిస్తున్నాయని అంటూనే ఉంది. పరీక్షలకి పంపిన వాటి రిపోర్టు వచ్చింది. వేల ఏళ్ల నాటిది కావలసిన మట్టికి నిన్న మొన్నటి వయసు వచ్చింది. కనిపించిన రవ్వల్లో చాలా వరకు అగ్నిపర్వతానివి కావు, గడ్డి జాతి మొక్క కాలిస్తే మిగిలేవి. చెరకు కూడా గడ్డి జాతే. ఆ కాగితం చూడగానే అది ఏ బూడిదో నాకు తెలిసిపోయింది. గానుగ పాక కళ్ల ముందు కనిపించింది.

ఆ సాయంత్రం మెట్ల దగ్గర రత్నం నన్ను ఆపింది.

"ఒసే, నిజం సెప్పు. ఆ గొట్టం ఎక్కడ ఇప్పేవే?"

"లేబ్‌లోనే ఇప్పేను."

"దార్లో ఎక్కడైనా పగిలిందేటి? పర్లేదే, నాకు సెప్పు. సారుకి నేను సెప్పనులే."

"ఏటే, తప్పు నీ దగ్గరెట్టుకుని నన్ను అనుమానిస్తన్నావా?"

ఆమె మొహం మాడిపోయింది. "నేదే, ఊరికే అడిగేను. కోప్పడకు" అంది. నన్ను బతిమాలింది. అబద్ధం నాది, బతిమాలడం ఆమెది! ఆ క్షణంలో ఒక్క మాట చాలు. నా నోటికి ఏం రోగం? సారు తిడతారనా? తిడితే ఏమవుతుంది? చస్తానా? మా ఇంట్లో నన్ను చదువు మాన్పించేవాళ్లా? లేదే. ఇవన్నీ ఆ రోజూ తెలుసు. తెలిసే నోరు మూసుకున్నాను. చిన్నదాన్ని, భయపడ్డాను అని నాకు నేను చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. ఎంత సిగ్గులేని మాట. రత్నానిదీ నా వయసే.

మర్నాడు మీటింగు. ఇక్కడొక సంగతి చెప్పాలి. రత్నం ఊరికెళ్లినప్పుడల్లా వాళ్ల నాన్న కొత్త బెల్లం పొట్లం కట్టి పంపేవాడు. లేబ్‌లో అందరం తినేవాళ్లం. సారు కూడా ముక్క నోట్లో వేసుకుని, బాగుందమ్మా అనేవారు. ఆ సారే ఆ రోజు రిపోర్టు బల్ల మీద విసిరికొట్టి, "ఈ బెల్లం చేతులతోనేనా సాంపిల్ ముట్టుకున్నావ్? ఇది లేబా, మీ గానుగ పాకా?" అన్నారు. అందరూ నవ్వారు. రత్నం లేచి నిలబడి చేతులు వెనక్కి దాచుకుంది. "కడుక్కునే ముట్టుకున్నాను సార్" అంది. పక్కనున్న నాకు తప్ప ఎవరికీ వినపడలేదు. సారు మీద నాకు ఇప్పటికీ కసి. ఒక్క రుజువు లేకుండా, వాళ్ల నాన్న చెరకు పండిస్తాడు కాబట్టి బూడిద ఆమె చేతిదే అని తేల్చేశారు. కానీ ఆయనకి తెలియదు. నాకు తెలుసు. ఆయన్ని తిట్టే హక్కు నాకేం ఉంది?

ఆమె ఫెలోషిప్ ఆపేశారు. ట్రంకు పెట్టె తీసుకెళ్లడానికి వాళ్ల నాన్న వచ్చాడు. సారు గది గుమ్మంలో దండం పెట్టి, "మా గుంట తప్పేం నేదు బాబూ, బెల్లం అంపింది నానే" అన్నాడు. నేను పక్క గదిలో ఉన్నాను. నాకు ప్రతి అక్షరమూ వినపడింది. బయటికి రాలేదు. ఆ తర్వాత సారు అదే మడుగులోంచి ఇంకో గొట్టం తీయించారు. ఈసారి పెంకులు నేను లెక్కపెట్టాను. వయసు చక్కగా కుదిరింది, డాక్టరేటు వచ్చింది, అందరూ మెచ్చుకున్నారు.

మొన్న చోడవరంలో ఒక ప్రైవేటు స్కూలువాళ్లు సైన్స్ ఫెయిర్‌కి ముఖ్య అతిథిగా పిలిచారు. వెళ్లాక తెలిసింది, అక్కడ సైన్సు టీచరు రత్నమని. నన్ను చూసి నిజంగా సంతోషించింది. నాకు శాలువా కప్పించింది. మైకు తీసుకుని పిల్లలతో, ఈ మేడమ్ చెరువు మట్టి చూసి అగ్నిపర్వతం వయసు చెప్పగలరు, నేనూ ఆ పనే చేయాల్సింది, కానీ చేతులు సరిగా కడుక్కోక సాంపిల్ పాడుచేశాను, మీరు మాత్రం అలా చేయకండి అంది. నవ్వుతూ చెప్పింది. పిల్లలకి ఏటా చెప్తుందట. అంటే ఆమె నమ్మేసింది. తను చేయని తప్పుని తనదే అని నమ్మి, దాన్ని పాఠం చేసి చెప్తోంది. నేను శాలువా కప్పుకుని కూర్చున్నాను. ఆ శాలువా పీకి నా మొహాన నేనే కొట్టుకోవాలనిపించింది.

సభ అయ్యాక స్టాఫ్ రూములో ఆమె ఒక్కతే పేపర్లు దిద్దుతోంది. వెళ్లి అంతా చెప్పాను. గొట్టం, గానుగ, తడి గుడ్డ, మెట్ల దగ్గర అబద్ధం. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. నేను ఆపాక చేతిలోని ఎర్ర పెన్నుకి మూత పెట్టింది.

"గొట్టం సంగతి వొగ్గేయ్. బయపడ్డావు, అబద్దం ఆడేవు. మీటింగులో నాకు ఏడుపొచ్చీసి ఎవర్నీ సూడనేదు. అందరూ నవ్వేరు గానీ నువ్వొక్కదానివి నవ్వి ఉండవని ఇన్నాళ్లూ అనుకుంటన్నాను. నవ్వేవా, నేదా?"

"నవ్వేను" అన్నాను.

బెల్లు కొట్టారు. పేపర్లు సర్దుకుని క్లాసుకి వెళ్లిపోయింది. మళ్లీ ఫోను చేసినా తీయలేదు. తీయాలని అడిగే మొహం నాకు లేదు.

ఇందాక అందరూ నవ్వారు అని రాసినప్పుడు, ఆ అందరిలో మీరు నన్ను లెక్కపెట్టి ఉండరు. పెట్టకూడదనే అలా రాశాను. మీ ముందు కూడా దొంగ వేషాలే. నవ్వాను. పళ్లన్నీ కనపడేలా, సారుకి కనపడాలని అటు తిరిగి మరీ నవ్వాను. ఈ మాట రాసేశాక ఇప్పుడు కాస్త ఊపిరి ఆడుతోంది.