రేకు బుగ్గలు ఊదిన వేసవి

పట్నం దవాఖాన నుంచి మా ఆయనను ఇంటికి పంపిన రోజు డాక్టరు నా చేతిలో మందుల చీటీతో పాటు నాలుగు రబ్బరు బెలూన్లు పెట్టాడు. సిద్దిపేటలో వాటిని మేం బుగ్గలంటాం. మాది ఫ్యాన్సీ దుకాణం. గాజులు, రిబ్బన్లు, బొమ్మలతో పాటు అలాంటి బుగ్గలు ప్యాకెట్లకు ప్యాకెట్లు అమ్మినవాళ్లం. వాటిని దవాఖానలో, అదీ డాక్టరు చేతిలో చూసేసరికి నాకేమీ తోచలేదు.

"ఇవేంది సార్?" అన్నాను.

"ఇవి గూడ మందే అమ్మా. ఛాతిల చీము తీసేసినం. కాని చీము ఒత్తిడికి ఎడమ ఊపిరితిత్తి ముడుచుకపోయింది. రోజూ బుగ్గలు ఊదిపియ్యి. ఊదంగ ఊదంగ విచ్చుకుంటది. నెలకు మల్ల ఎక్స్‌రే తీస్తం. విచ్చుకోకుంటే పక్కటెముక కోసి ఆపరేషన్ చెయ్యాల్సి వస్తది."

"ఆపరేషన్ చేస్తే బాగైతడా సార్?"

"గంత దూరం పోకుండ చూస్కో" అన్నాడు డాక్టరు.

తొంభైల చివరి మాట ఇది. పెళ్లిళ్ల సీజన్లో మా ఆయనకు జ్వరం వచ్చింది. గిరాకీ ఎక్కువున్న రోజులు కావడంతో మెడికల్ షాపులో గోళీలు తెచ్చుకుని మింగుతూ దుకాణంలోనే కూర్చున్నాడు. దగ్గు వచ్చింది, తర్వాత పక్కలో పోటు. ఒక రోజు షట్టరు ఎత్తబోయి ఎత్తలేక అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. నిమోనియా ముదిరి ఛాతీలో చీము పట్టిందన్నారు. పట్నంలో పక్కటెముకల మధ్య నుంచి గొట్టం వేసి, కింద సీసా పెట్టి, ఇరవై రోజులకు పైగా పడుకోబెట్టారు. ఇంటికి వచ్చేటప్పటికి మనిషి సగమయ్యాడు. గొట్టం తీసిన చోట పుండు ఇంకా పచ్చిగానే ఉంది.

మాది సిమెంటు రేకుల ఇల్లు, రెండు గదులు. నేను, ఆయన, మా అత్తమ్మ ఉండేవాళ్లం. నాలుగేళ్ల బిడ్డను కొండపాకలో మా అవ్వ దగ్గర వదిలిపెట్టాం. ఆయనది టీబీ కాదని డాక్టర్లు ఎంత చెప్పినా, చూడవచ్చిన ఇరుగుపొరుగు వాళ్లు గడప బయటే నిలబడి, కొంగు మూతికి అడ్డం పెట్టుకుని పలకరించి పోయేవాళ్లు. కొన్నాళ్లకు అదీ మానేశారు.

మొదటి రోజు పొద్దున ఆయనను గోడకు ఆనించి కూర్చోబెట్టి ఎర్ర బుగ్గ ఒకటి చేతికిచ్చాను. పెదవుల మధ్య పెట్టుకుని ఊదాడు. బుగ్గ కదల్లేదు. రెండోసారి ఊదితే మెడ నరాలు తేలాయి, పెదవులు నల్లబడ్డాయి. గవ్వంత ఉబ్బింది. ఊపిరి తీసుకోవడానికి నోరు తెరిచేసరికి ఆ కాస్త గాలీ తుస్సుమని ముఖం మీదికే వచ్చేసింది. మూడోసారి పక్క పట్టుకుని ముడుచుకుపోయాడు.

"నాతోని కాదు" అన్నాడు.

అలా నాలుగు రోజులు. రోజూ మూడుసార్లు ఊదడం, గాలి పోవడం, నొప్పికి వంగిపోవడం. ఐదో రోజు బుగ్గను గోడకేసి కొట్టి అటు తిరిగి పడుకున్నాడు. జావ తాగలేదు. అత్తమ్మ గిన్నె పట్టుకుని ఎంతసేపు కూర్చున్నా కన్ను తెరవలేదు.

"ఆపరేషన్ వద్దు, బుగ్గలు వద్దు. నన్ను గిట్లనే ఉండనియ్యిండ్రి" అన్నాడు గోడతోనే.

ఆ మధ్యాహ్నం నేను ఆ బుగ్గను కడిగి ఇంటి వెనక బట్టలుతికే బండ మీద కూర్చుని నేనే ఊదాను. నాలాంటి ఆరోగ్యం గల దానికే మొదటిసారి ఊదగానే దవడలు లాగాయి, చెవులు గుయ్‌మన్నాయి. ఏ రోగమూ లేని నాకే ఇంత కష్టమైతే ఆయన ఎలా ఊదుతాడు? ఆ బండ మీదే ఇంకో ఆలోచన కూడా వచ్చింది. ఆయన పోతే పొద్దున్నే షట్టరు ఎవరు తెరుస్తారు, సరుకుకు పట్నం నేను ఒంటరిగా పోగలనా అని లెక్కలు కట్టుకుంటూ పోయాను. లోపల మనిషి బతికే ఉన్నాడు. నేను ఇక్కడ ఆయన తర్వాతి రోజులు సర్దుకుంటున్నాను. అది తెలిసిరాగానే చెంపలు వాయించుకున్నాను. ఇన్నేళ్లయినా ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

రేకు బుగ్గలు నాకు గుర్తొచ్చింది ఆ మర్నాడు. అంతకు ముందు ఏడాది ఆయన బేగంబజార్ నుంచి కొత్త రకం బుగ్గల పెట్టె ఒకటి తెచ్చాడు. రబ్బరువి కావు. వెండి రేకులా తళతళలాడే పలుచని కాగితంతో చేసినవి. నక్షత్రాలు, గుండె ఆకారాలు. గ్యాసు నింపితే పైకి లేచి నిలబడతాయని చెప్పి అమ్మారట. సిద్దిపేటలో అప్పుడు ఆ గ్యాసు ఎక్కడుంది? నోటితో ఊదితే ఎగరవు, దారం కట్టి వేలాడదీయాలి. ఎగరని బుగ్గ ఎవరికి కావాలి? దుకాణంలో రెండు వేలాడదీసి, మిగతా పెట్టెను తెచ్చి ఇంట్లో సజ్జ మీద పడేశాడు. వాటి గురించి నాకు తెలిసింది ఒక్కటే. వాటి మూతిలో లోపల సన్నటి పొర ఉంటుంది. గాలి లోపలికి పోతుంది గానీ వెనక్కి రాదు.

ఆ ఒక్క సంగతే నన్ను లేపి నిలబెట్టింది. కొంచెం ఊది ఆగినా ఆ కొంచెం లోపలే ఉంటుంది కదా.

స్టూలు వేసుకుని పెట్టె దించాను. ఒక వేసవి అంతా వేడి రేకుల కింద ఉండటంతో బుగ్గలు ఒకదానికొకటి అంటుకుపోయి అప్పడాల కట్టలా ఉన్నాయి. ఆయన మంచం పక్కనే కింద కూర్చుని మొదటిదాన్ని పట్టి లాగాను. చర్రున చినిగింది. రెండోదాన్ని గోటితో విడదీయబోతే అంచు దగ్గర వెండి పొర లేచిపోయింది. మూడోదీ పాడైంది. ఏడుపు వస్తుంటే ఆపుకుంటూ నాలుగోదాన్ని పట్టుకున్నాను.

"గట్ల గుంజకు."

తల ఎత్తి చూశాను. ఆయన ఇటు తిరిగి ఉన్నాడు.

"గోరు తాకనియ్యకు. సరుకంత ఖరాబు చేస్తున్నవ్. పౌడర్ తే."

బిడ్డ పౌడరు డబ్బా తెచ్చాను. మంచం మీద నుంచి ఆయన చెబుతుంటే నేను చేశాను. అంచుల్లో పౌడరు చల్లాలి, అరచేతితో మెల్లగా రుద్దాలి, లాగకూడదు, జరపాలి. ఒక నక్షత్రం చిరగకుండా ఊడి వచ్చింది. కానీ దాని మూతి తెరుచుకోలేదు. లోపలి పొరలు కూడా వేడికి అంటుకున్నాయట.

"ఇటు తే" అన్నాడు. మోచేతి మీద లేచాడు. ఎప్పుడో గానీ తనంతట తాను లేవని మనిషి. బుగ్గ మూతిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, బీడీ చుట్టినట్టు అటూ ఇటూ నలిపాడు. తర్వాత కూల్‌డ్రింక్ స్ట్రా తెప్పించుకుని, ఆ పొరల మధ్య నుంచి నాలుగు వేళ్ల లోతుకు మెల్లగా దూర్చాడు.

"ఊది సూడు" అని నాకివ్వబోయాడు.

నేను చేయి చాచలేదు. "నువ్వే ఊదు. నాకు సాతగాదు" అన్నాను.

ఊదాడు. నక్షత్రం ఉబ్బలేదు గానీ లోపల ఎక్కడో రేకు చిటపటమంది. స్ట్రా తీసి ఆయాసపడుతూ పడుకున్నాడు. ఇద్దరం దాని వైపే చూస్తున్నాం. గాలి పోలేదు. కాసేపటికి మళ్లీ లేచి ఇంకొక్కసారి ఊదాడు. సాయంత్రానికి ఆ నక్షత్రం ఐదు కొమ్ములూ లేపి కూర్చుంది. నలభై ఆరు ఊపిర్లు పట్టింది. నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. ఆ రాత్రి ఆయన రెండు గ్లాసుల జావ తాగాడు.

మర్నాడు మళ్లీ స్ట్రా దూర్చి, చేతులతో మెల్లగా నొక్కి గాలి తీసేసి అదే నక్షత్రాన్ని మొదటి నుంచి ఊదించాను. నలభై నాలుగు. తర్వాత నలభై ఒకటి. ఒక రోజు మళ్లీ నలభై అయిదుకు పోయింది, ఆ రోజంతా నాకు తిండి సయించలేదు. మళ్లీ తగ్గింది. ముప్పై రెండు ఊపిర్లకు వచ్చిన రోజు మధ్యాహ్నానికే నక్షత్రం గట్టిగా, ముడత లేకుండా నిండింది. ఎక్స్‌రేకు ఇంకా పదమూడు రోజులు ఉన్నాయి.

అప్పుడు నేను చేసిన పని చెప్పాలి. ఆయన నిద్రపోయాడు. నక్షత్రం ఆ చీకటి గదిలో ఉండటం నాకు నచ్చలేదు. గడప బయట నిలబడి మూతికి కొంగు అడ్డం పెట్టుకున్న వాళ్లందరికీ కనబడాలనిపించింది. తీసుకుపోయి వాకిట్లో దండేనికి కట్టాను. ఏప్రిల్ ఎండ. కళ్లు చెదిరేలా మెరిసింది. అరగంట కాలేదు, పట్‌మని చప్పుడైంది. బయటికి పోయేసరికి అంచు అతుకు విచ్చుకుని, పక్షి తోలులా దండేనికి వేలాడుతోంది.

చప్పుడుకు ఆయన లేచాడు. నా చేతిలో దాన్ని చూశాడు. తీసుకుని వడిలిన రేకును ఒడిలో పరుచుకుని, వేళ్లతో తడుముతూ కూర్చున్నాడు. కళ్ల నీళ్లు కారుతున్నాయి.

"నా ఊపిరి గింతే ఉన్నది. నిండంగనే పలిగింది" అన్నాడు.

ఎండలో పెట్టానని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆయన దాన్ని శకునం అనుకున్నాడు. మళ్లీ గోడ వైపు తిరిగాడు. ఇంకో నక్షత్రం విడదీసి తెచ్చి పెడితే చేత్తో నెట్టేశాడు. రెండు రోజులు గడిచాయి. రెండో రోజు ఒళ్లు వెచ్చబడింది. అత్తమ్మ దేవుడి పటం ముందు కూర్చుని లేవడం లేదు. మళ్లీ చీము పడుతోందా? పట్నం తీసుకుపోతే నేరుగా కోస్తారా? ఆయన నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ నేను లోలోపల ఒకటే అనుకున్నాను. ఈయన పోతే నేను చంపినట్టే. ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు, నోరు మూసుకున్నాను, అంతే. అయినా చంపినట్టే.

మూడో రోజు పొద్దున జ్వరం కొంచెం తగ్గింది. ఇక ఉండబట్టలేక చెప్పేశాను.

"నీ ఊపిరికి పలుగలే. నేను ఎండల కట్టిన."

ఇటు తిరిగాడు. "ఏందీ?"

"అందరికి కనబడాలె అని దండేనికి కట్టిన. ఎండకు పలిగింది."

మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చున్నాడు. "రేకు బుగ్గను ఎండల వెడ్తరానే ఎవలన్న? లోపలి గాలి వేడికి ఉబ్బుతదని తెల్వదా? దుకాండ్ల నీడకు కడితె ఎందుకు కట్టిన్నో ఏనాడన్న అడిగినవా? మూడు దినాలు నేను సస్తనే అనుకున్న కదనే, నోట్లె ఏం పెట్టుకున్నవ్?"

గదంతా మోగింది. తల వంచుకుని తిట్లు పడ్డాను. అత్తమ్మ పటం ముందు నుంచి లేచి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. కొడుకును తప్పుపట్టడానికి వచ్చిందనుకున్నాను.

"తిట్టు బిడ్డా, ఇంకింత తిట్టు" అంది. "గింత పొడుగు మాట నడుమ ఆగకుంట మాట్లాడక ఎన్ని దినాలాయె."

ఆయనకు దగ్గు అందుకుంది. వంగి, పక్కకు దిండు ఒత్తి పట్టుకుని, చాలాసేపు దగ్గి కఫం కక్కాడు. చెమటతో తడిసి వెనక్కి ఒరిగి, చేయి చాచాడు. ఇంకో నక్షత్రం ఇచ్చాను.

ఆ నక్షత్రాన్ని ఎప్పుడూ పూర్తిగా నింపలేదు. కొమ్ముల దగ్గర కొంచెం ముడత ఉండగానే ఆపేవాళ్లం. వారం తర్వాత ఆయనే రబ్బరు బుగ్గ అడిగాడు. మొదటి రోజు నిమ్మకాయంత, తర్వాత బత్తాయంత. నొప్పి పోలేదు. పడుకున్నప్పుడు పక్క పట్టుకుని మూలిగేవాడు. నేను ఇంకా రోజులే లెక్కపెడుతున్నాను.

ఎక్స్‌రే రోజు పట్నంలో డాక్టరు ఫిలిమ్‌ను వెలుతురుకు పట్టి చూశాడు. పైభాగం విచ్చుకుందన్నాడు. కింది భాగం అలాగే అతుక్కుని ఉంది, అది ఇక విచ్చుకోకపోవచ్చు. బరువులు ఎత్తకూడదు, దుమ్ములో తిరగకూడదు. ఆపరేషన్ మాత్రం ఇప్పటికి అక్కర్లేదు.

రేకు బుగ్గల సంగతి చెప్పాను. డాక్టరు నవ్వాడు. "దానికి బలం పెట్టే పనే లేదు కదమ్మా. ఊపిరితిత్తికి పని చెప్పింది రబ్బరుదే. రేకుదానితోని ఏమొస్తది?" అన్నాడు.

నేను సరే సార్ అన్నాను. ఆయన చదువుకున్నవాడు. ఆయన చెప్పిందే నిజం కావచ్చు.

బస్టాండుకు చేరేసరికి సిద్దిపేట బస్సు కదలబోతోంది. సీటు దొరకదేమోనని మా ఆయన నా చేయి విడిపించుకుని ఉరికాడు. పది అడుగులు కూడా పోలేదు, స్తంభం పట్టుకుని ఎగపోస్తూ నిలబడ్డాడు. నేను పరిగెత్తి పోయి అందరి ముందూ గట్టిగా తిట్టాను. మాట్లాడలేక చేత్తో బస్సు వైపు చూపించాడు. కండక్టరు చూసి బస్సు ఆపించాడు. ముందు సీటులో ఒక ముసలాయన లేచి జాగ ఇచ్చాడు. మా ఆయనను కిటికీ పక్కన కూర్చోబెట్టి, నేను పక్కన నిలబడి ఇంటిదాకా వచ్చాను.