మా వసారాలో పరీక్షా కేంద్రం

ఉగాది వెళ్లిన తర్వాత మూడో ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటల ఐదు నిమిషాలు. మా గోడ గడియారంలో మూడూ పది అయింది గాని, అది ఐదు నిమిషాలు ముందు నడుస్తుందని ఇంట్లో అందరికీ తెలుసు. ఇంత కచ్చితంగా ఎందుకు రాస్తున్నానంటే, మా అబ్బాయి ఇప్పుడు అదంతా జరగనేలేదంటున్నాడు. జరిగింది. నేను అక్కడే కుర్చీలో కూర్చుని ఉన్నాను.

మాది మందసకీ సముద్రానికీ మధ్యనున్న ఊరు. జీడితోట, కొబ్బరితోట ఉన్నాయి. మా అబ్బాయికి పలాసలో ఎరువుల దుకాణం. మనవరాలికి తొమ్మిదో ఏడు. రెండేళ్లు దాన్ని పలాస బడికి బస్సులో పంపించాం. పొద్దున్న ఆరున్నరకి ఎక్కిస్తే బస్సువాడు సాయంత్రం ఆరింటికి దింపేవాడు. నిద్రలోనే దిగేది. ఒకసారి ఆ నిద్రలోనే పక్కింట్లోకి వెళ్లి వాళ్ల మంచం మీద పడుకుంది. మా కోడలు బి.ఇడి. చదివిన మనిషి. "ఇక చాలు మావయ్యా, దీనికి చదువు నేనే చెబుతాను" అని బడి మానిపించేసింది.

ఊళ్లో ఊరుకోలేదు. "మీ గుంట ఏటి సేసినాది? బడోళ్లు తరిమీసినారట!" అని అడిగేవారు. కొన్నాళ్లు ఓపిగ్గా చెప్పాను. తర్వాత విసుగొచ్చి, "హెడ్మాస్టర్ని కొట్టీసినాది" అన్నాను. ఆ రోజు నుంచి అడగడం మానేశారు.

ఆ ఏడాదే నాకూ అక్షరాలు వచ్చాయి. అరవై ఆరేళ్లు వేలిముద్ర వేసినవాణ్ణి. మనవరాలి పక్కన చాప మీద కూర్చుంటే కోడలు నాకూ ఒక పలక ఇచ్చింది. తెలుగు చదువుతాను. నెమ్మదిగా, పైకే చదువుతాను, లోపల చదువుకోవడం ఇంకా రాలేదు. ఒత్తు వస్తే ఆగి, చూసుకుని, దాటుతాను. ఇంగ్లీషు రాదు.

మావాడికి ఇంటి చదువంటే నమ్మకం లేదు. టెక్కలిలో హాస్టలున్న బడి ఒకటి చూసి వచ్చాడు. కోడలు ఒప్పుకోలేదు. నెల రోజులు మొగుడూ పెళ్లాలు మాట్లాడుకోలేదు. అన్నంలోకి ఉప్పు కావాలన్నా నాతో అడిగించేవారు. చివరికి ఒక మాట మీదికి వచ్చారు. ఏడాది చివర ఇంట్లోనే అసలైన పరీక్షలు. ఐదు సబ్జెక్టులు. పేపర్లు ఆమె తయారుచేస్తుంది, అతను దిద్దుతాడు. ఒక్కదాంట్లో నూటికి అరవై కన్నా తగ్గినా జూన్‌లో పిల్ల టెక్కలికి. పిల్ల ఆ మాట విని తన గౌన్లన్నీ తీసుకెళ్లి మా మంచం కింద దాచింది. బట్టలు లేని పిల్లని హాస్టల్లో చేర్చుకోరని దాని ఆలోచన.

దుకాణం మూసేది ఆదివారమే కాబట్టి ఐదు పరీక్షలూ ఒక్క ఆదివారమే పెట్టారు.

"కాపలా నాన్న కూసుంటాడు. ఆయనకేటీ రాదు, ఏటీ సెప్పలేడు" అన్నాడు మావాడు, నా ముఖం మీదే.

"నాకు తెలుగు వచ్చురా" అన్నాను.

"అదే సెప్తన్నాను" అన్నాడు.

స్క్వాడుగా బారువ నుంచి మా బామ్మర్దిని పిలిపించాడు. అతనికున్న అర్హత పదో తరగతి నాలుగుసార్లు రాసి ఉండటం. కాపీ ఎన్ని రకాలుగా కొట్టవచ్చో అతనికి తెలిసినంత ఈ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. నల్లకళ్లద్దాలు పెట్టుకుని, ఎండుచేపల సంచి తగిలించుకుని మోటారు సైకిలు మీద దిగాడు. దిగుతూనే పిల్ల చేత చెప్పులు విప్పించాడు, జడ విప్పించాడు, పెన్సిళ్ల డబ్బా తీసుకుని వాసన చూశాడు.

"వాసనెందుకు తాతా?" అంది పిల్ల.

"స్లిప్పుకి వాసనుంటాది గుంటా. సెమట వాసన."

హాల్‌టికెట్టు అడిగాడు. పిల్ల తనే అట్టముక్క మీద గీతలు గీసి, ఫొటో అంటించి తయారుచేసుకుంది. ఫొటో మూడో ఏట తలనీలాలు ఇచ్చినప్పటిది. బామ్మర్ది దాన్నీ దీన్నీ మార్చి మార్చి చూసి, "ఇది సెల్లదు బావా. ఫొటోలో గుంటకి గుండుంది, ఈ గుంటకి జడుంది. ఏరే మనిషి" అన్నాడు. అరగంట పోయింది. ఆఖరికి నా భార్య వంటింట్లోంచి అట్లకాడతో వచ్చి, "ఒరే తమ్ముడూ, నీ పదో తరగతి ఫొటోలో మీసముంది. ఇప్పుడేదిరా అది? నువ్వెవుడివి?" అంటే అప్పుడు లోపలికి వదిలాడు.

తెలుగు, ఇంగ్లీషు సవ్యంగానే జరిగాయి. గంట బదులు నా భార్య స్టీలు పళ్లెం మీద గరిటెతో కొట్టింది. సైన్సు మొదలైన కాసేపటికి కిటికీలోంచి రాయి వచ్చి చాప మీద పడింది.

పిల్ల చెయ్యెత్తింది. "తాతా, ఎవులో రాయి ఇసిరినారు. దానికి కాగితం సుట్టుంది."

బయటికి వెళ్లి చూశాను. కిటికీ కింద గొంతుక్కూర్చుని మా స్క్వాడు.

"ఏట్రా ఇది? పట్టుకోమని పిలిస్తే నువ్వే ఇసురుతున్నావేటి?"

"ఏటి సెయ్యమంటావు బావా! పిల్ల పరీక్ష రాత్తంటే గోడ కాడ ఒక్క మనిషైనా నేడు. అదేటి సెంటరు? మా అయ్య నాకోసం రెండు మైళ్లు నడిసొచ్చి గోడెక్కినాడు. నాకు మనసొప్పనేదు."

కాగితం విప్పి చదివాను. 'సూర్యుడు తూర్పున ఉదయించును' అని ఉంది. పేపర్లో అడిగింది మొక్కకి ఉండే భాగాలు.

"ప్రశ్నేటో తెలుసుకోకుండానే జవాబు రాసీసినావేటి?"

"మా కాలంలోనూ అంతే బావా."

సోషల్లో 'మీ ప్రాంతంలో పండేవి ఏవి?' అనే ప్రశ్న ఉంది. అది మా ఇంటిదాని చెవిన ఎలా పడిందో నాకు తెలియదు. ఆమెకి రాయడం రాదు. అందుకని రెండో కిటికీ దగ్గర నిలబడి ఒక చేత్తో కొబ్బరికాయ, ఒక చేత్తో జీడిమామిడి పండు పైకెత్తి పట్టుకుంది. వెనకాల పక్కింటి అత్తా కోడళ్లు కూడా చేరారు.

"నానమ్మా, అడ్డు లే. ఎలుతురు రాట్లేదు" అంది పిల్ల తలెత్తకుండా.

"కొబ్బరి రాసినావా నేదా? అది సెప్పు, ఎలిపోతాను."

నేను కిటికీ తలుపు మూసేశాను. ఆ రాత్రి నాకు కూర వడ్డించలేదు. అది వేరే సంగతి.

ఆఖరిది లెక్కలు. మావాడు పొద్దున్నించి ఏమీ తినలేదు. గుమ్మంలో నిలబడటం, పెరట్లోకి వెళ్లడం, మళ్లీ గుమ్మంలోకి రావడం. అప్పుడే, మూడూ ఐదుకి, నీళ్లగ్లాసు పట్టుకుని లోపలికి వచ్చాడు. "గుంటకి దాహమేత్తాది" అని పీట మీద పెట్టాడు. గ్లాసు కింద కాగితం మడత ఉంది. నేను చూశాను. పిల్లా చూసింది. గ్లాసు తీసి, నీళ్లన్నీ తాగి, మూతి తుడుచుకుని చెయ్యెత్తింది.

"తాతా, నాన్న కాగితం మర్సిపోనాడు."

విప్పాను. నా చదువు పైకే కాబట్టి ఇల్లంతా విన్నది. "ఏడు వరసలు. వరసకి ఎనిమిది కొబ్బరి మొక్కలు. మొత్తం యాభై నాలుగు."

వంటింట్లోంచి నా భార్యా కోడలూ వచ్చారు. బామ్మర్ది కళ్లద్దాలు తీశాడు.

"యాభై ఆరు కదా?" అంది పిల్ల. అది అప్పటికే రాసేసి ఉంది.

"కంగారులో రాసినాను. దుకాణంలో లెక్కల మిషనుంటాది కదా" అన్నాడు మావాడు.

కోడలు తిన్నగా అతన్నే అడిగింది. "టెక్కలి పంపాలన్నది మీరే కదా? పిల్ల పరీక్ష తప్పితే మీ మాటే నెగ్గేది. స్లిప్పెందుకు పెట్టారు?"

మావాడు నేల చూశాడు. "పంపాలన్నాను. తప్పాలననేదు. పొద్దున్నించి సూత్తన్నాను, ఒక్కత్తే కూసోని రాత్తంది, దానికి ఎవులూ లేనట్టు."

అయినా నేను కాపలా మనిషిని. బామ్మర్దిని అడిగాను.

"స్లిప్పుతో దొరికినోణ్ణి ఏటి సేత్తారు?"

"డిబారు" అన్నాడు వెంటనే.

"నువ్వు రాయి ఇసిరినావు కదా!" అని మావాడు అతని మీదికి లేచాడు.

"నాను స్క్వాడునిరా. డూటీలో ఉన్నాను."

"డిబారైనోడికి హక్కులేటి ఉంటాయి?" అని నేను.

"ఏటీ ఉండవు బావా. నాను రెండుసార్లయినాను, నాకు తెల్దా!"

"అయితే ఇనుకో" అన్నాను మావాడితో. "నువ్వు పేపర్లు దిద్దకూడదు. అరవై అనీ, జూన్ అనీ, టెక్కలి అనీ నోరెత్తకూడదు. డిబారు."

"నాన్నా, పరీక్ష రాత్తన్నది నాను కాదు కదా!"

"స్లిప్పు నీది కదా."

"ఎన్నాళ్లు?"

నేను బామ్మర్ది వైపు చూశాను. "మూడేళ్లు" అన్నాడు అతను. తనకి ఎంత పడిందో అంతే వేశాడనుకుంటాను.

పిల్ల పెన్సిలుతో పీట మీద కొట్టింది. "అరుసుకుంటే బయటికెల్లి అరుసుకోండి. నాకింకా మూడు లెక్కలున్నాయి."

అందరం బయటికి నడిచాం. గుమ్మం దాటిన తర్వాత, నేను బయటికి రాకూడదని గుర్తొచ్చి మళ్లీ లోపలికి వెళ్లాను. మావాడు గోడవతలే నిలబడిపోయాడు.

పేపర్లు కోడలే దిద్దింది. తెలుగు, సైన్సు, సోషలు, లెక్కలు అన్నిటా ఎనభై దాటాయి. ఇంగ్లీషులో యాభై ఎనిమిది. తన పిల్లే కదా, రెండు మార్కులు కలిపెయ్యవచ్చు, కలపలేదు. ఆ కాగితం భోజనాల దగ్గర అందరి చేతులూ తిరిగింది. మావాడి చేతికి వచ్చేసరికి అతను నోరు తెరిచాడు, నేను అతని వైపు చూశాను, ఆ నోట్లో ముద్ద పెట్టుకున్నాడు. జూన్ వెళ్లిపోయింది. పిల్ల ఇంట్లోనే చదువుతోంది.

సాక్ష్యం కావాలంటే, ఆ రోజు అక్కడున్నవాళ్లు వీళ్లు. పేర్లు రాస్తే తగువు, వరసలే రాస్తున్నాను. పరీక్ష రాసిన నా మనవరాలు. పేపర్లు తయారుచేసిన నా కోడలు. పళ్లెం కొట్టిన నా భార్య. స్క్వాడుగా వచ్చిన నా బామ్మర్ది. కిటికీ దగ్గర పక్కింటి అత్త, ఆమె కోడలు. పాలు పోయడానికి వచ్చి లెక్కల పరీక్ష అయ్యేదాకా కదలని పాలావిడ. గోడవతల నిలబడ్డ నా కొడుకు. కుర్చీలో నేను.